బొగ్గు క్షేత్రంలో రాతి పొరలకు, సీములకు (బొగ్గు పొరలకు) పటం గీయడం ఎలా: గోదావరి లోయలో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

హనుమకొండ, కొత్తగూడెం, మంచిర్యాల నుంచి జియాలజీ, మైనింగ్ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "రోజంతా నడిచినా నేల మీద బొగ్గు కనిపించదు. మరి పటంలో సీము గీత ఎక్కడ గీయాలి?"

జవాబు ముందే చెప్పేస్తాను. బొగ్గును వెతకడం ఆపండి. బొగ్గు మెత్తన. ఎండకూ వానకూ చితికి మట్టిలో కలిసిపోతుంది. దాని పైనా కిందా ఉన్న ఇసుకరాళ్లు మాత్రం నిలబడతాయి. ముందు వాటిని పటంలోకి ఎక్కించండి. సీము జాడ వాటి నుంచి, బోర్ల (బొగ్గు కోసం డ్రిల్లు చేసిన రంధ్రాల) నుంచి, మట్టాల (ఎత్తుల) లెక్క నుంచి వస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ క్రమంలోనే సాగుతుంది.

## 1. బయలుదేరే ముందు

వానలు వెనకబట్టి వాగుల్లో నీరు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పనికి అనువైన కాలం. మార్చి దాటితే రామగుండం, మంచిర్యాల ప్రాంతంలో మధ్యాహ్నపు ఎండలో రాయిని తాకి కొలత తీసుకోవడం కూడా కష్టం.

అనుమతులు ముందుగానే తీసుకోండి. గని ఆవరణలోకి వెళ్లాలంటే గని మేనేజరు రాతపూర్వక అనుమతి, వెంట గని మనిషి ఉండాలి. కవ్వాల్, ఏటూరునాగారం వైపు అడవుల్లో అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పాత భూగర్భ గనుల మీద నేల కుంగి, పగుళ్లు ఇచ్చిన చోట్లు ఉంటాయి. ఆ హద్దులను గని సర్వే విభాగంలో అడిగి, మీ పటం మీద ఎర్ర పెన్సిలుతో గుర్తించుకున్నాకే కాలు బయట పెట్టండి.

పటాల విషయానికి వస్తే, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల ఎత్తుపల్లాలు చూపే పటాలు) 1:50,000 స్కేలులో దొరుకుతాయి. భూపాలపల్లి పాత నంబరింగు ప్రకారం 56 ఎన్/15 షీటులో పడుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో ఆ ప్రాంతపు భూవిజ్ఞాన పటం చూడవచ్చు. 1:50,000 షీటు దారి తెలుసుకోవడానికి సరిపోతుంది. సీము పని చేయాలంటే దాన్ని 1:10,000కో 1:5,000కో పెంచిన మూల పటం కావాలి.

ఇక్కడ చాలామందికి తెలియకుండా ఒక పెద్ద తప్పు దొర్లుతుంది. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో (డేటమ్ అంటే స్థానాలు లెక్కగట్టే ఆధారం) ఉంటాయి, ఫోను జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84లో చెబుతుంది. మార్చకుండా నేరుగా గుర్తు పెడితే చుక్క వంద మీటర్లకు మించి పక్కకు పోతుంది. అన్నింటినీ డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం గ్రిడ్ 44వ జోనులోకి తెచ్చాకే పని మొదలుపెట్టండి.

సంచిలో ఉండవలసినవి:

- క్లినోమీటర్ లేదా బ్రంటన్ కంపాస్ (దిశ, వాలు కొలిచేవి)
- జియాలజీ సుత్తి, 10 రెట్లు చూపే లెన్సు, చాకు
- 30 మీటర్ల టేపు, 2 మీటర్ల మడత కర్ర
- గట్టి అట్ట నోటుబుక్కు, హెచ్‌బీ పెన్సిళ్లు, రంగు పెన్సిళ్లు
- నమూనా సంచులు, చెరగని మార్కరు
- హెల్మెట్, బూట్లు, మెరుపు జాకెట్టు, మందుల పెట్టె, ఒక్కొక్కరికి కనీసం 4 లీటర్ల నీళ్లు

## 2. పొరల వరుస నోటికి రావాలి

ఏ రాయి మీద నిలబడ్డారో తెలియనప్పుడు ఎంత కచ్చితంగా కొలిచినా లాభం లేదు. గోదావరి లోయలో అడుగు నుంచి పైకి వరుస ఇలా ఉంటుంది. ఒక్కో పేరు ఒక్కో రాతి పొరల సముదాయానిది.

పునాది రాళ్లు. నైసులు, పాకాల శిలలు, వాటి మీద సుల్లవాయి ఇసుకరాయి. ఇవన్నీ బొగ్గు కంటే చాలా పాతవి.

తాల్చిర్. ఆకుపచ్చ ఛాయ షేల్ (రేకులుగా విడిపోయే మట్టిరాయి), ఇసుకరాయి. అడుగున గుండ్లు కలిసిన పొర. ఈ షేల్ చేతిలో నలిపితే సూదుల్లాంటి ముక్కలుగా విరుగుతుంది.

బరాకర్. తెల్లని ముతక ఇసుకరాళ్లు, షేళ్లు, బొగ్గు సీములు. లోయలో బొగ్గు ప్రధానంగా ఉండేది ఇక్కడే.

బ్యారన్ మెజర్స్. బూడిద, ఆకుపచ్చ ఛాయ ఇసుకరాళ్లు, రంగురంగుల బంకరాయి. చెప్పుకోదగ్గ బొగ్గు ఉండదు.

కామ్థీ. కింది భాగంలో కొన్ని చోట్ల బొగ్గు ఉంటుంది. మధ్య భాగంలో ఇసుకరాయి, బంకరాయి మార్చి మార్చి వస్తాయి. పై భాగం ఇనుము పట్టి ఎర్రబారిన ముతక ఇసుకరాయి.

ఎక్కువగా పొరబడేది రెండు ఎర్ర రాళ్ల దగ్గర. సుల్లవాయి ఎర్రనిదే, పై కామ్థీ కూడా ఎర్రనిదే. ఒకటి బొగ్గుకు కింద, రెండోది పైన. తారుమారైతే పటం మొత్తం తలకిందులవుతుంది. తాజాగా పగలగొట్టిన ముఖాన్ని లెన్సుతో చూడండి. సుల్లవాయిలో దాదాపు అంతా క్వార్ట్జు రేణువులే, రాయి గట్టిగా మోగుతుంది. కామ్థీలో గులకరాళ్లు, బంకరాయి ముక్కలు కలిసి ఉంటాయి, దెబ్బకు పొడి రాలుతుంది.

బరాకర్ ఇసుకరాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం తెల్లని పిండిగా మారి ఉంటుంది. గోటితో గీస్తే గోటి కింద సుద్దలా చేరుతుంది. ఈ ఒక్క పరీక్ష రోజుకు పదిసార్లు పనికొస్తుంది.

## 3. ఎక్కడ నడవాలి

లోయ పడమటి అంచున ఉన్న బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, రామగుండం, భూపాలపల్లి వరుసలో పొరలు మొత్తం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పరచుకొని, ఈశాన్యం వైపు వాలుతాయి. స్థానికంగా తేడాలుంటాయి. కాబట్టి నైరుతి నుంచి ఈశాన్యానికి నడిస్తే పాత పొరల నుంచి కొత్త పొరలకు వెళ్తారు. మీ నడక గీతలన్నీ ఈ దిశలోనే, పొరలకు అడ్డంగా వేసుకోండి. పొర వెంట నడిస్తే రోజంతా ఒకే రాయి కనిపిస్తుంది.

చదును పొలాల్లో రాయి కనిపించదు. చూడవలసిన చోట్లు ఇవి:

- వాగు గట్లు, ముఖ్యంగా వాగు మలుపుల్లో కోసుకుపోయిన బయటి ఒడ్డు
- రోడ్డు, రైలు, కాలువ కోతలు
- వ్యవసాయ బావుల గోడలు, బావి చుట్టూ పోసిన రాయి
- ఓపెన్‌కాస్టు గని గోడ, అనుమతితో, దూరం నుంచి

బావి తవ్విన రైతును తప్పకుండా అడగండి. ఎన్ని మూరల దగ్గర రాయి తగిలిందో, ఎక్కడ నల్లమట్టి వచ్చిందో, నీళ్ల రుచి ఎక్కడ మారిందో ఆయనకు బాగా గుర్తుంటుంది. విన్నది విన్నట్లే రాసి, పక్కన "విన్నది" అని గుర్తు పెట్టండి. మీరు చూసినదానితో కలపకండి.

ఓబీ గుట్టల దగ్గర జాగ్రత్త. గని పైమట్టిని పోసిన ఆ కుప్పల మీద చెట్లు పెరిగాక కొత్తవారికి సహజమైన గుట్టల్లానే కనిపిస్తాయి. అక్కడి రాయి ఎక్కడి నుంచో లారీలో వచ్చింది. ఉపగ్రహ చిత్రంలో పాత, కొత్త సంవత్సరాలు పోల్చి చూసి, ఆ హద్దుల్లోని రాయిని ఎప్పుడూ ఔట్‌క్రాప్‌గా (సహజంగా నేల మీదికి తేలిన రాయిగా) రాయకండి.

## 4. వాలు, స్ట్రైకు కొలవడం

1. పొర ముఖం మీద నోటుబుక్కు అట్ట పరచండి. చిన్న గుంటలు, గరుకులు సర్దుకుంటాయి.
2. క్లినోమీటరును అట్ట మీద పెట్టి, ఎటూ వాలకుండా మట్టంగా ఉన్న గీతను పట్టుకోండి. అది స్ట్రైకు. దిశ రాయండి.
3. దానికి సరిగ్గా లంబంగా వాలు కోణం, వాలే దిక్కు రాయండి.
4. అదే ఔట్‌క్రాప్‌లో మరో రెండు చోట్ల కొలవండి. మూడూ దగ్గరగా లేకపోతే మీరు తప్పు ముఖం మీద ఉన్నారు.

సుత్తి, ఫోను, బెల్టు బకిలు కంపాస్‌కు దూరంగా ఉంచండి. రామగుండం చుట్టూ హైటెన్షన్ తీగలు ఎక్కువ. వాటి కింద తీసుకున్న దిశను నమ్మవద్దు.

ఇప్పుడు అసలు ప్రమాదం. బరాకర్, కామ్థీ ఇసుకరాళ్లు పాత నదులు పరిచినవి. ఒక్కో పొర లోపల ఏటవాలు గీతలు ఉంటాయి. అవి 20, 25 డిగ్రీల దాకా వాలుతాయి, చూడగానే కంటికి అవే ఆనతాయి. పొర అసలు వాలు 10 డిగ్రీలే కావచ్చు. ఏటవాలు గీతలు పైన తెగిపోయినట్లు ఆగి, అడుగున వంగి సన్నబడతాయి. పొర హద్దు మాత్రం వాటన్నింటినీ కోసుకుంటూ దూరం వరకు సాగుతుంది. అందుకే వాలును షేల్ మీదనో, ఇసుకరాయి, షేల్ కలిసే హద్దు మీదనో కొలవండి. ఏటవాలు గీతలను కూడా కొలిచి, నోటుబుక్కులో వేరే గడిలో రాయండి.

గనుల్లో వాలును డిగ్రీల్లో కాక నిష్పత్తిలో చెబుతారు. 4కు 1 అంటే, అడ్డంగా 4 మీటర్లు పోతే 1 మీటరు దిగడం, 14 డిగ్రీలు, 5కు 1 అంటే 11.3, 6కు 1 అంటే 9.5, 10కు 1 అంటే 5.7.

## 5. హద్దు గీతలు

రెండు రాళ్లు కలిసే చోటును కళ్లారా చూస్తే నిండు గీత. 50 మీటర్ల లోపు ఖాయమనుకుంటే పొడవు తునకల గీత. ఊహ అయితే చుక్కల గీత. క్షేత్రంలోనే ఈ తేడా పెట్టాలి. గదికి వచ్చాక గుర్తుండదు.

గుట్టలు, వాగులు దాటేటప్పుడు హద్దు గీత తిన్నగా పోదు. వాలే పొర వాగును దాటే చోట బాణం మొనలా మలుపు తిరుగుతుంది. పొర వాగు ఎగువకు వాలితే మొన ఎగువకు చూస్తుంది. దిగువకు, వాగు వాలు కంటే నిటారుగా వాలితే మొన దిగువకు చూస్తుంది. గీసిన గీత దీనికి విరుద్ధంగా ఉంటే వాలు కొలతలోనో గీతలోనో తప్పుంది.

## 6. కోరు పెట్టె చదవడం

పటానికి ప్రాణం బోర్లే. కోరు అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీ, దాన్ని పెట్టెలో వరుసగా పేర్చి ఉంచుతారు. ఆ పెట్టె ముందు తొందరపడకండి.

కోరును తడపండి. పొడి కోరులో బొగ్గు, నల్ల షేల్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. తడిస్తే బొగ్గులోని మెరిసే చారలు బయటపడతాయి. చేతిలోకి తీసుకోండి: బొగ్గు తేలిక, నల్ల షేల్ బరువు. చాకుతో గీయండి: బొగ్గు పొడి నల్లగానో ముదురు గోధుమగానో రాలుతుంది, షేల్ పొడి బూడిద రంగుకు తిరుగుతుంది. విరిస్తే బొగ్గు చిన్న దిమ్మెలుగా, షేల్ రేకులుగా విడిపోతుంది.

ఒక నమూనా చూడండి. నిట్టనిలువు బోరు, లోతులు మీటర్లలో:

- 92.40 నుంచి 93.10: నల్ల షేల్
- 93.10 నుంచి 94.85: బొగ్గు
- 94.85 నుంచి 95.00: క్లే బ్యాండు (బంకమట్టి పట్టీ)
- 95.00 నుంచి 98.60: బొగ్గు
- 98.60 నుంచి కిందికి: బూడిద షేల్

సీము నిలువు మందం 5.50 మీటర్లు. బ్యాండు తీసేస్తే బొగ్గు 5.35. వాలు 5కు 1 అయితే అసలు మందం కోసం 5.50ని 11.3 డిగ్రీల కొసైనుతో, అంటే 0.9806తో గుణించాలి. 5.39 మీటర్లు వస్తుంది. పైనున్న నల్ల షేల్‌ను సీములో కలపకండి. వేరుగా రాయండి.

డ్రిల్లింగులో ముందు నలిగి కొట్టుకుపోయేది బొగ్గే. 3 మీటర్ల రన్నులో (ఒక విడత డ్రిల్లింగులో) 2.4 మీటర్ల కోరే వస్తే రికవరీ 80 శాతం. పోయిన 0.6 మీటర్లు బొగ్గా, బంకరాయా? కోరు చెప్పదు, జియోఫిజికల్ లాగు (బోరులోకి పరికరం దించి లోతు వారీగా తీసిన రికార్డు) చెబుతుంది. డెన్సిటీ (సాంద్రత) లాగులో బొగ్గు దగ్గర గీత బాగా పడిపోతుంది, గామా (రాయి సహజ వికిరణం) కూడా తక్కువ చూపుతుంది. షేల్ దగ్గర గామా ఎక్కువ. అయితే ఫెల్డ్‌స్పార్ ఎక్కువున్న ఇసుకరాయి కూడా గామాను కొంత పెంచుతుంది కాబట్టి ఒక్క గామాను నమ్ముకోవద్దు. డ్రిల్లరు లోతుకూ లాగు లోతుకూ తేడా వస్తే సీము పైకప్పు, అడుగులకు లాగు లోతును తీసుకోండి.

## 7. అడుగు మట్టం, మూడు బోర్ల లెక్క

ప్రతి సీముకూ ప్రతి బోరులోనూ అడుగు మట్టం కట్టాలి. బోరు మూతి మట్టం నుంచి సీము అడుగు లోతును తీసేయడమే. మూతి మట్టాన్ని లెవెలింగుతోనో డీజీపీఎస్‌తోనో (కచ్చితత్వం ఎక్కువున్న జీపీఎస్) తీయండి. ఫోను జీపీఎస్ ఎత్తు 10 మీటర్లు తప్పితే, 6కు 1 వాలులో నేల మీద సీము గీత 60 మీటర్లు జరుగుతుంది. ఇంకొకటి: రుణ సంఖ్యలు రాకుండా కొన్ని గనుల ప్లాన్లలో మట్టాలకు ఒక స్థిర సంఖ్య కలుపుతారు. కలిపారో లేదో అడిగి రాసుకోండి.

మూడు బోర్లతో వాలు తీసే పద్ధతి:

1. క బోరు (అన్నీ మీటర్లలో): మూతి 150, లోతు 60, అడుగు మట్టం 90. చ బోరు: మూతి 148, లోతు 138, మట్టం 10. ట బోరు: మూతి 155, లోతు 105, మట్టం 50.
2. అన్నిటికన్నా ఎత్తయిన క బోరు నుంచి అన్నిటికన్నా లోతైన చ బోరుకు గీత గీయండి. దూరం 800 మీటర్లు అనుకుందాం. మట్టం 80 మీటర్లు దిగింది.
3. ఆ గీత మీద 50 మట్టం ఎక్కడ వస్తుంది? 40 మీటర్లు దిగాలి కాబట్టి సరిగ్గా సగం దగ్గర, 400 మీటర్లకు.
4. ఆ బిందువును ట బోరుతో కలపండి. ఇది స్ట్రైకు గీత, 50 మీటర్ల అడుగు కాంటూరు (ఒకే మట్టం ఉన్న చోట్లను కలిపే గీత) కూడా.
5. క బోరు నుంచి ఈ గీతకు లంబం గీసి కొలవండి. పటం మీద అది 240 మీటర్లు వచ్చిందనుకుంటే, 240కి 40, అంటే 6కు 1.

ఇలా మూడేసి బోర్ల త్రిభుజాలతో క్షేత్రమంతా నింపి, 10 మీటర్ల తేడాతో కాంటూర్లు గీయండి. సాఫ్ట్‌వేర్ వాడినా మొదటిసారి చేత్తో గీయమనే అంటాను. యంత్రం భ్రంశాన్ని (రాళ్లు పగిలి పొరలు జారిన చోటును) చూడదు, దాని మీదుగా నున్నగా వంచేస్తుంది. చేత్తో గీసేవాడికి పెన్సిలు అక్కడ ఆగుతుంది.

## 8. సీములను జతపరచడం

ఈ బోరులోని రెండో సీమే ఆ బోరులోనిదీ రెండోదని ఎలా చెప్పగలం? రామగుండంలో సీములకు పై నుంచి కిందికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. కొత్తగూడెం, ఇల్లందు వైపు కింగ్, క్వీన్ అని పేర్లు. ఒక చోటి పేరును బోర్ల ఆధారం లేకుండా ఇంకో చోటికి మోయకండి.

మందం ఒక్కటే చూసి జతపరచడం కొత్తవారి అలవాటు. సీము చీలవచ్చు, పలచబడవచ్చు, రెండు సీములు కలిసిపోవచ్చు. నమ్మదగినవి ఈ వరుసలో చూడండి: రెండు సీముల మధ్య రాతి మందం, సీము లోపల క్లే బ్యాండ్ల అమరిక, డెన్సిటీ లాగు ఆకారం, పైకప్పు రాయి రకం. చివరన మందం.

బోర్ల లాగులను ఒకే స్కేలులో పట్టీలుగా కత్తిరించి గోడ మీద పక్కపక్కన పెట్టండి. మట్టాల ప్రకారం కాదు, నమ్మకంగా గుర్తుపట్టే ఒక సీము అడుగును ఒకే గీతకు తెచ్చి పెట్టండి. మిగతావి వాటంతట అవే వరుసలోకి వస్తాయి. రాని బోరు దగ్గరే అసలు కథ ఉంటుంది.

## 9. సీము కనిపించకపోతే

బోరులో ఉండవలసిన సీము లేకపోతే వెంటనే "భ్రంశం" అని రాసేయకండి. మూడు కారణాలు ఉండవచ్చు.

- సాధారణ భ్రంశం, అంటే పగులు మీది వైపు రాళ్లు కిందికి జారినది. ఈ లోయలో ఎక్కువగా ఉండేవి ఇవే. బోరు భ్రంశాన్ని దాటితే సీముతో పాటు దాని పైనో కిందో ఉన్న రాతి మందం కూడా తగ్గుతుంది. కోరులో నలిగిన రాయి, బంక, నున్నటి మెరిసే జారుడు ముఖాలు కనిపిస్తాయి. అవతలి బోర్లలో అన్ని సీముల మట్టాలూ ఒక్కసారిగా మారతాయి.
- పాత నది కోత. సీము ఉండవలసిన చోట గులకరాళ్లు, బొగ్గు తునకలు కలిసిన ముతక ఇసుకరాయి ఉంటుంది. కింది సీముల మట్టాలు మాత్రం చెక్కుచెదరవు.
- పలచబడటం. చుట్టూ ఉన్న బోర్లలో మందం క్రమంగా తగ్గుతూ వస్తుంది. అదే చోట నల్ల షేల్ అయినా మిగులుతుంది.

సీము రెండుసార్లు వస్తే విలోమ భ్రంశమో (పగులు మీది వైపు రాళ్లు పైకి ఎక్కినది), జతపరచడంలో తప్పో చూడాలి. ముందు రెండోదాన్నే అనుమానించండి.

భ్రంశం గీత గీసేటప్పుడు దిగిన వైపు చిన్న గీతలు పెట్టి, ఎన్ని మీటర్లు దిగిందో, ఏ రెండు బోర్ల ఆధారంతో చెబుతున్నారో పక్కనే రాయండి. ఈ వివరం లేని భ్రంశం గీతతో కింద పనిచేసేవారికి ఉపయోగం లేదు. నీరు నిండిన పాత గనికి 60 మీటర్ల దూరంలోకి తవ్వకం వస్తే బొగ్గు గనుల నిబంధనలు ప్రత్యేక అనుమతి, జాగ్రత్తలు కోరతాయి. మీ గీత 40 మీటర్లు తప్పితే ఆ 60లో మిగిలేది 20. ఈ పనిలో నాకు రాజీ పడలేని చోటు ఇదే.

## 10. ఇన్‌క్రాప్ గీత

సీము పైమట్టి కింద రాతి తలాన్ని తాకే గీతే ఇన్‌క్రాప్. ఇలా తీయండి:

1. బోర్లలో మట్టి, మెత్తబడిన రాయి ఎంత మందమో చూసి, నేల మట్టం నుంచి తీసేసి గట్టి రాతి తలానికి కాంటూర్లు గీయండి.
2. వాటి మీద సీము అడుగు కాంటూర్ల ట్రేసింగు పరచండి.
3. ఒకే అంకె ఉన్న కాంటూర్లు ఖండించుకునే ప్రతి చోటా చుక్క పెట్టండి. 120 మీద 120, 110 మీద 110.
4. చుక్కలను కలపండి. భ్రంశం దగ్గర గీత ఆపి, అవతలి వైపు కొత్తగా మొదలుపెట్టండి.
5. ఒక చోట గుంత తవ్వో చిన్న బోరు వేసో సరిచూడండి. ఇన్‌క్రాప్ నుంచి వాలు వైపు 200 మీటర్ల దూరంలో, 5కు 1 వాలులో, చదును నేల అయితే సీము ఇన్‌క్రాప్ కంటే 40 మీటర్లు లోతున తగలాలి. 10 మీటర్లకు మించి తేడా వస్తే ఆ భాగం కాంటూర్లు తిరిగి చూడాలి.

## 11. పటం అప్పగించే ముందు

- ఉత్తర దిశ, స్కేలు, డేటమ్, జోను, తేదీ ఉన్నాయా?
- చూసిన గీతలు, ఊహించిన గీతలు వేరుగా కనిపిస్తున్నాయా?
- ప్రతి వాలు గుర్తుకూ నోటుబుక్కులో పేజీ ఉందా?
- పొరలకు అడ్డంగా కనీసం రెండు సెక్షన్లు (నేలను నిలువుగా కోసినట్లు చూపే చిత్రాలు) గీశారా? సెక్షన్‌లో నిలువు, అడ్డం స్కేళ్లు ఒకటేనా? నిలువు స్కేలు పెంచితే వాలు కూడా పెరిగి కనిపిస్తుంది. పెంచితే ఎన్ని రెట్లో రాశారా?
- సెక్షన్‌లో ప్రతి బోరు లోతుకూ పటంలో కాంటూరుకూ లెక్క కుదిరిందా?
- బోర్ల మధ్య దూరం రాశారా? భారత ప్రామాణిక పద్ధతి బోరు చుట్టూ 200 మీటర్ల మేరనే రుజువైన బొగ్గుగా లెక్కగట్టేది. దాన్ని దాటిన చోట మీ గీత ఎంత నున్నగా ఉన్నా అది అంచనాయే.
- ఓబీ గుట్టలు, కుంగిన నేలలు, పాత గనుల హద్దులు గుర్తించారా?
- విన్న సమాచారం వేరే గుర్తుతో ఉందా?

కొత్త బోరు పడిన ప్రతిసారీ దాన్ని కలుపుకుంటున్న త్రిభుజాలను మాత్రమే తిరిగి లెక్కగట్టండి. పాత కాంటూరును చెరిపేయకుండా సన్నని బూడిద గీతగా ఉంచి, పక్కన తేదీ వేయండి. గీత ఎటు, ఎంత జరిగిందో తర్వాతి సర్వేయరుకు అక్కడే కనిపించాలి.